చెల్లెలి జబ్బు, నా ఫోను

మా ఊళ్లో సిగ్నలు దొరికేది ఒక్కచోటే. ఊరికి పైన, ఘాట్ రోడ్డు మలుపు తిరిగే దగ్గర ఒక పెద్ద బండ ఉంది. దాని మీద కూర్చుంటేనే ఫోను పనిచేస్తుంది. అందుకని ఇక్కడ ఎవరు ఎవరితో మాట్లాడినా, ఏం చూసినా నలుగురి మధ్యే. మనసులో దాపరికం ఉన్నవాళ్లు ఆ బండ ఎక్కకూడదు. నేనూ నా చెల్లెలూ ఎక్కాం.

చెల్లెలికి గర్భసంచి జారింది. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు. ఈ కొండల్లో చాలామంది ఆడవాళ్లకు ఉంది ఆ జబ్బు, పైకి చెప్పరు అంతే. పచ్చి బాలింత కట్టెల మోపు నెత్తికెత్తుకుని, మిరియాల బస్తా వీపున వేసుకుని కొండ ఎక్కి దిగితే లోపలి అవయవం ఎన్నాళ్లు నిలబడుతుంది? చెల్లెలు ఏళ్ల తరబడి గుడ్డ బిగించుకుని తిరిగింది. మొగుడు పోయి చాలాకాలమైంది. కొడుకూ కోడళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లకు తెలియకుండా వైద్యం చేయించుకోవాలి, అదొక్కటే దాని కోరిక. ఊరి నోళ్ల సంగతి దానికి తెలుసు. మొగుడు లేని ఆడదానికి ఆ జబ్బేమిటి అంటారు. జబ్బు బరువులు మోయడం వల్ల వస్తుందని చెప్పినా వినే చెవులు ఇక్కడ లేవు.

నా దగ్గరికి ఎందుకు వచ్చిందంటే, నాకు చదువు వచ్చు గనక. చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. తల నెరిశాక, పెద్దవాళ్లకు పాఠాలు చెబుతున్నారంటే బడి వరండాలో వెళ్లి కూర్చున్నాను. పిల్లలు కిటికీలోంచి చూసి నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. ఎవడో కాగితం చాపి వేలు పెట్టమంటే పెట్టేసి, దేనికి ఒప్పుకున్నానో తెలియకుండా ఇంటికి రావడం అప్పటికే చాలాసార్లు అయింది. ఇక చదవకుండా దేనికీ వేలు పెట్టకూడదని ఆ ఒక్క పంతంతో నేర్చుకున్నాను.

ఊరంతా కాఫీ పళ్లు కోయడానికి పోయిన ఒక పగలు ఇద్దరం బండ మీదికి వెళ్లాం. చెల్లెలు దారివైపే చూస్తూ కూర్చుంది. నేను జబ్బు పేరు తెలుగులో కొట్టి ఒక పేజీ తెరిచాను. పేజీ కనబడక ముందే దాని మీద ఒక పెట్టె వచ్చి కూర్చుంది. మీకు మెరుగైన అనుభవం అందించడానికి మేమూ మా భాగస్వాములూ కుకీలు వాడతాము అని రాసి ఉంది. కింద పచ్చరంగులో అరచెయ్యంత మాట, అన్నీ అంగీకరించు అని. దాని పక్కన బూడిదరంగులో, నా కళ్లకు ఆననంత చిన్నగా, మరిన్ని ఎంపికలు అని ఇంకో మాట. నేను ఏదీ వదల్లేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకే చదివాను.

"భాగస్వాములంటే ఎవులప్పా?" అంది చెల్లెలు. అక్కను మా వైపు అప్పా అనే పిలుస్తారు.

"ఎవులైతే మనకేటి? దారికడ్డంగా కూకున్నాడు. నొక్కితే గాని లెగడు."

"అయితే బేగి నొక్కు. ఎవులైనా వత్తారు."

నొక్కాను. అదే వేలు. చదివే పెట్టాను, అయినా దేనికి ఒప్పుకున్నానో నాకు తెలియదు. ఏ పేజీ తెరిచినా అదే పెట్టె, నొక్కుతూనే పోయాను. కానీ తెలియాల్సింది తెలిసింది. అందరికీ కోత అక్కర్లేదట. లోపల రబ్బరు రింగు లాంటిది పెడితే గర్భసంచి జారకుండా ఆగుతుందట. ఎవరికి ఏది సరిపోతుందో పెద్దాసుపత్రిలో చూసి చెబుతారట. అది విని చెల్లెలు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కాసేపు ఏడ్చి, తర్వాత నవ్వింది. నా కళ్లు చూపించుకోవాలని, నాకు తోడుగా అది వస్తోందని ఇంట్లో చెప్పాలనుకున్నాం. వచ్చే సోమవారం టైడా స్టేషనులో రైలెక్కి విశాఖ పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఆ వారంలోనే దాని కొడుకు నా ఫోను అడిగి తీసుకున్నాడు. వాడి ఫోను అద్దం పగిలింది. క్రికెట్ స్కోరు చూడాలన్నాడు. బండ మీద స్నేహితులతో కూర్చుని స్కోరు పేజీ తెరిస్తే, స్కోరు పక్కన ఆసుపత్రి ప్రకటన. గర్భసంచి జారిందా, సిగ్గుపడకండి, మమ్మల్ని సంప్రదించండి అని. పైకి జరిపితే మళ్లీ అదే. ఇంకో పేజీకి పోతే అక్కడా అదే. నేను నీళ్లకని అటు వెళ్తుంటే వాడు గట్టిగా పిలిచాడు.

"పెద్దమ్మా, నీ ఫోనుకేటైంది? స్కోరెంతని అడిగితే నీ గర్భసంచి జారిందా అని నన్ను అడుగుతంది. నాకు లేదని సెప్పినా ఇంటం లేదు."

కుర్రాళ్లందరూ పడీపడీ నవ్వారు.

"నాదేరా జారింది. నలుగుర్ని కన్నాను. నీకేటి నొప్పి?" అన్నాను. వాడు తల దించుకుని ఫోను ఇచ్చేశాడు. నా మీద వేసుకున్నాను గనక అక్కడితో పోతుందనుకున్నాను.

పోలేదు. వాడు ఇంటికెళ్లి పెళ్లానికి వేళాకోళంగా చెప్పాడు. ఆ కోడలు గుంట తెలివైనది. అత్త గుడ్డలు పశువుల పాక వెనక ఎందుకు ఆరేస్తుందో, పీట మీద ఒక పక్కకు ఒరిగి ఎందుకు కూర్చుంటుందో, తోడు వెళ్తానని కొత్తగా ఎందుకు అంటోందో అన్నీ కలుపుకుంది. సంతరోజుకు కుళాయి దగ్గర ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది. మొగుడు పోయి ఇన్నేళ్లైనాక ఏ బరువు మోసిందో అని ఒకామె నా వెనకే అంది, నాకు వినబడాలనే అంది. నేను తిరిగి తిట్టాను. తిట్టడం వల్ల మాట ఇంకో రెండు వీధులు నడిచింది.

నా సొంత కోడలు అరకులో ఒక లాడ్జిలో కంప్యూటరు దగ్గర కూర్చుంటుంది. సెలవుకు వస్తే ఫోను దాని ముందు పడేశాను. నా ఇంటి సంగతి క్రికెట్ పేజీవాడికి ఎవడు చెప్పాడు అన్నాను. అది విడమరిచి చెప్పింది. పేజీ తెరిచినప్పుడు నా ఫోనులో ఒక గుర్తు పెడతారట, దాన్నే కుకీ అంటారట. పేజీవాడే కాదు, అందులో ప్రకటనలు వేసే కంపెనీ కూడా ఇంకో గుర్తు పెడుతుందట. అదే కంపెనీ క్రికెట్ పేజీలోనూ ప్రకటనలు వేస్తుంది. అక్కడ నా ఫోను కనబడగానే, ఆ జబ్బు గురించి చదివిన ఫోను ఇదేనని పోల్చుకుంటుంది. ఫోను అప్పుడు ఎవరి చేతిలో ఉందో దానికి అక్కర్లేదు.

మా అడవిలో తేనెపట్టు ముందు చూసినవాడు ఆ చెట్టు మొదట్లో గడ్డి ముడి కట్టిపోతాడు. వెనక వచ్చినవాడు ముడి చూసి తప్పుకుంటాడు. వీళ్లు నా ఫోనుకు కట్టిన ముడి చూసి ఎవడూ తప్పుకోడు, చూసినవాడల్లా ఎగబడతాడు.

కోడలు దగ్గర కూర్చుని అన్నీ నేర్పింది. బ్రౌజరులో పైమూల మూడు చుక్కలు, అందులో సెట్టింగ్స్, అందులో గోప్యత. కుకీలు తుడిచేయమంటే తుడుస్తుంది. వేరే సైట్ల కుకీలు రానివ్వకని కూడా అక్కడే చెప్పవచ్చు. ఇలాంటి జబ్బుల సంగతి చదవాలంటే ఇన్‌కాగ్నిటో అనేది తెరవాలి, మూసేస్తే ఆ గుర్తులు ఫోనులో నిలవవు. అడ్డం కూర్చునే పెట్టె వస్తే ఆ బూడిదరంగు మాట నొక్కి, లోపలికి పోయి, తిరస్కరించు అనేది వెతుక్కోవాలి. ఒప్పుకోవడానికి ఒక నొక్కు, వద్దనడానికి ఇంత నడక. గుర్తులన్నీ చెడ్డవి కావనీ చెప్పింది. మనం లాగిన్ అయినట్టు గుర్తుంచుకునేదీ అదేనట. ఇంకో వింత, నేను వద్దన్నానని గుర్తుంచుకోవడానికి కూడా వాడు ఒక కుకీ పెట్టాలట. అది కూడా తుడిచేస్తే మళ్లీ మొదటి నుంచి అడుగుతాడు.

"తుడిసేత్తే అంతా పోద్దా?" అన్నాను.

"నీ ఫోన్లోది పోద్ది అత్తా. ఆల్ల దగ్గరికెల్లిపోయింది మన సేతిలో నేదు."

తుడిచాను. ఆ తర్వాత ఆ ప్రకటనలు కనబడలేదు. కుళాయి దగ్గరి నోళ్లకు సెట్టింగ్స్ లేవు.

సోమవారం తెల్లారి సంచి సర్దుకుని చెల్లెలి ఇంటికి వెళ్లాను. అది వాకిట్లో కాఫీ పళ్ల బస్తాకు తాడు కడుతోంది.

"నానెక్కడికీ రాను అప్పా."

"ఊరందరికీ తెలిసిపోయింది గదే. ఇంక దాసుకోడానికేటుంది?"

"అందుకే. ఇప్పుడు రైలెక్కితే ఆల్లన్నది నిజమని నానే ఒప్పుకున్నట్టు."

బతిమాలాను. తిట్టాను. దాని కోడలు గుమ్మంలో నిలబడి, తన అత్త మొహం వైపు చూడలేక చీపురు చూసుకుంటోంది. చెల్లెలు వంగి బస్తా వీపుకెత్తుకుంది. దొడ్డిదారి ఉండగా కావాలనే కుళాయి ముందు నుంచి వెళ్లింది. బిందెలు పట్టుకున్నవాళ్లందరూ చూస్తుండగా ఎక్కడా ఆగలేదు, ఒరగలేదు, నిటారుగా కొండ దిగింది. చూశారా, ఏమీ లేదు ఆమెకు అని ఎవరో అన్నారు. అలా నడవడానికి దాని లోపల ఏం జరుగుతోందో అక్కడున్న వాళ్లలో నాకొక్కదానికే తెలుసు. కింద లోయలో రైలు కూత వేసింది. చెల్లెలు తల తిప్పలేదు.