జూరా మడమలో కాపురం పెట్టిన జబ్బు

ఈనలేక గొర్రె అవస్థ పడుతోందంటే చుట్టుపక్కల కాపరులంతా జూరా కోసమే గుర్రం పంపేవారు. మోచేయి దాకా చేయి పెట్టి, అడ్డం తిరిగిన పిల్లను సర్ది బయటికి లాగడంలో నారిన్ కొండల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. అలాంటి మనిషి ఆ వేసవిలో కుడి మడమ నేలకు ఆనించలేకపోయింది.

"వయసే, వయసు!" అన్నాడు భర్త తోక్తోసున్.

"వయసు నాకు మడమకొచ్చింది. నీకు బుర్రకొచ్చింది," అంది జూరా.

ఆడపడుచు కొండ ఉడుత కొవ్వు కాచి రుద్దింది. దగ్గర్లోని ఆసుపత్రిలో ఎముక పెరిగిందని చెప్పి మెత్తటి జోళ్ళు వేసుకోమన్నారు. మడమ మాత్రం వాచిపోయింది. పొద్దువాలితే జ్వరం, తడిసి ముద్దయ్యేంత చెమట. చివరికి తోక్తోసున్ ఆమెను రాజధాని బిష్కెక్‌లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరు పెరిజాత్ స్కానింగు చూసింది. మడమ ఎముక లోపల పురుగు తొలిచినట్టు గుల్లగా ఉంది. క్షయ కావచ్చు, కణితి కావచ్చు. తొందరపడకుండా జూరా పనిపాటల గురించి అడిగింది. జూరా ఉత్సాహంగా చొక్కా చేయి పైకి మడిచి పిల్లను లాగే పద్ధతంతా చేసి చూపించింది.

"చేతికి తొడుగు వేసుకోవా, పిన్నీ?"

"అత్తారింటికి వెళ్తున్నానా ఏంటి, ముస్తాబవడానికి!"

"ఇంట్లో అందరూ పాలు కాచే తాగుతారా?"

"కాస్తే రుచేముంటుంది, అమ్మాయ్?"

గొర్రెల నుంచే ఏదో అంటుకుందన్న డాక్టరు అనుమానం రక్తపరీక్షలో బలపడింది. అయినా పెరిజాత్ సూదితో మడమ ఎముకలోంచి కాస్త ముక్క తీయించి పరీక్షకు పంపింది. అందులో పెరిగింది బ్రుసెల్లా అనే సూక్ష్మజీవి.

"గొర్రెల జబ్బే, పిన్నీ. మామూలుగా నడుములోనో మోకాల్లోనో చేరుతుంది. మడమలో చూడటం నాకిదే మొదలు."

"విన్నావా?" అని జూరా మొగుడి వైపు తిరిగింది. "నాది అందరికీ వచ్చే జబ్బు కాదట!"

మొదట కొన్ని వారాలు సూదులు, వాటితోపాటు నెలల తరబడి రెండు రకాల బిళ్ళలు. పచ్చిపాలు బంద్. ఇంట్లో అందరికీ పరీక్ష చేయిస్తే తోక్తోసున్ రక్తంలోనూ అదే దొరికింది. ఆ కబురు విని జూరా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆపైన రోజూ అతని చేత బిళ్ళలు తన కళ్ళెదుటే మింగించింది. గొర్రెల డాక్టరును పిలిపించి మందనంతా చూపించింది.

మళ్ళీ వేసవి వచ్చేసరికి ఎముకలోని గుల్ల పూడింది. మంద కొండెక్కే రోజున జూరా గుర్రం దిగి, కళ్ళెం పట్టుకుని కనుమ దాకా నడిచే వెళ్ళింది.

"గుర్రమెక్కవే, మహాతల్లీ!" అని వెనకనుంచి కేకేశాడు తోక్తోసున్.

"నడవనీవయ్యా! ఎన్నాళ్ళైంది, నేల తగిలి!"