గెలిచిన వాదన, పోయిన తాళంచెవి

వాదనలో ఓడి పదవి పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. గెలిచి పోగొట్టుకున్నవాణ్ణి చూడాలంటే కొత్తగూడెం రండి. మా గని కార్మికుల క్వార్టర్స్‌లో ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు. నవ్వుతూ చూపిస్తారు, అదే బాధ.

అప్పటికి ఆరేళ్లుగా మా చర్చి యువజన సంఘానికి నేనే కార్యదర్శిని. ఆ పదవికి జీతం లేదు గానీ మైకు సెట్టు పెట్టె తాళంచెవి ఉంటుంది. అది బెల్టుకు వేలాడుతుంటే నాకు కలెక్టరునన్నంత ధీమా. ఎన్నిక అంటారా, మా దగ్గర చాలా సులువు. ఏటా వార్షిక సమావేశంలో పాస్టరుగారు "పాత కార్యదర్శినే ఉంచుదామా" అంటారు, అందరూ "ఆమెన్" అని భోజనాలకు లేస్తారు. కూరల వాసన వస్తుండగా అడుగుతారు కాబట్టి ఆమెన్ గట్టిగానే వస్తుంది.

ఆ ఏడు భోజనాలకు ముందు చర్చాపోటీ పెట్టాను. అంశం కూడా నాదే: "నేటి నాయకులు నాటి నియంతలేనా?" అవునని నేను, కాదని సునీత. సునీత దవాఖానాలో నర్సు, నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది, నెమ్మదిగా మాట్లాడుతుంది. నేనేమో వారం రోజులు ఫోనులో వీడియోలు చూసి, చిన్న మీసాల జర్మనీ నియంతను నమిలి మింగి ఉన్నాను. ఇచ్చింది పది నిమిషాలు, మాట్లాడింది ముప్పై అయిదు. సెకండ్ షిఫ్టుకు వెళ్లాల్సినవాళ్లు గడియారం చూస్తున్నారు. నా మాటలకు మంత్రముగ్ధులై కదలలేకపోతున్నారనుకున్నాను.

"నియంతకు నాలుగు గుర్తులు," అని వేళ్లు చూపించాను. "మైకు ఇంకొకరికి ఇయ్యడు. ఎటు చూసినా ఆయన ఫోటోనే. ఎన్నిక పెట్టడు. ప్రశ్న అడిగితే ద్రోహి అంటడు. మన నాయకులల్ల ఇవి లేవా?"

చప్పట్లు పడ్డాయి. సునీత లేచింది.

"నాలుగు గుర్తులున్నంత మాత్రాన నియంత అంటే ఎట్ల? మన ప్రభాకరన్ననే చూడుండ్రి. మైకు తాళంచెవి ఆరేండ్ల సంది అన్న దగ్గర్నే ఉన్నది. క్రిస్మస్ క్యాలెండర్ మీద యేసయ్య పుట్టిన పశువుల పాక కన్న అన్న ఫోటోనే పెద్దగున్నది. ఎలక్షన్ ఎన్నడూ కాలే. పోయినేడు పిక్నిక్ బస్సు ఎందుకు లేటయిందని అడిగితే, సంఘాన్ని చీలుస్తున్నవని నన్ను అన్నడు. అయినా అన్న మంచోడే. అందుకే ఆ పోలికే తప్పు అంటున్న."

చూశారా, ఎంత మర్యాదగా నాకు తలుపు తీసి పెట్టిందో. "అవ్, నిజమే" అని కూర్చుంటే వాదన పోయేది, తాళంచెవి మిగిలేది. కానీ చిన్నపిల్ల చేతిలో ఓడడమా అని నాకు రోషం పొడుచుకొచ్చింది. మైకు లాక్కున్నాను.

"పోలిక తప్పు కాదు. నాలుగు గుర్తులుంటే నియంతే. మంచోడైనా, మనోడైనా, ఎవ్వరికీ మినహాయింపు లేదు."

వెనక బెంచీలోంచి దానియేలు తాత, గనిలో పనిచేసి రిటైరైన మనిషి, మెల్లగా అడిగాడు. "ఎవ్వరికీ లేదా బిడ్డా?"

"ఎవ్వరికీ లేదు తాతా."

"మల్లొకసారి ఆలోచించుకో."

"ఆలోచించే చెప్తున్న."

పాస్టరుగారు నాకే మొదటి బహుమతి ఇచ్చారు, స్టీలు టిఫిన్ డబ్బా. తర్వాత మామూలుగా "పాత కార్యదర్శినే..." అని మొదలుపెట్టారు. ఆమెన్ రాలేదు.

"చీటీలు రాద్దామయ్యా," అన్నాడు తాత. "పిల్లగాడు గంతగనం చెప్పినంక గూడ ఆమెన్ అంటే బాగుండదు."

రాశారు. సునీత గెలిచింది. నాకు రెండు చీటీలు పడ్డాయి. ఒకటి నేను రాసుకున్నది. రెండోది తాను రాశానని సునీత తర్వాత చెప్పింది. మా అమ్మ ఆ రోజు మొదటి వరుసలోనే కూర్చుంది.

బెల్టు నుంచి తాళంచెవి విప్పి ఇస్తుంటే నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కసారి మాట్లాడవచ్చా అని కొత్త కార్యదర్శిని అడిగాను. "మాట్లాడన్నా, రెండు నిమిషాలు," అంది. గుండె మీద చెయ్యి వేసుకుని, జర్మనీ దగ్గర మొదలుపెట్టి, చివరికి ప్రమాణానికి వచ్చాను.

"ఇగ మీదట ఏ నాయకుణ్ణీ ఏ నియంతతోని పోల్చ. పోల్చాల్సే వస్తే ముందుగాల నా బెల్టు తడుముకుంట. ఇంకొక ముచ్చట ఏందంటే..."

మైకు ఆగిపోయింది. రెండు నిమిషాలు అయిపోయాయట.