బట్టీని చల్లారనివ్వని రోజులు

మా ఫరీదాబాద్‌ను ఎలా బాగుచెయ్యాలో చెప్పడానికి ఆ రోజుల్లో ఎంతమంది వచ్చారో! అందరూ ఏసీ కార్లలోనే వచ్చారు. ప్రొజెక్టరు పెట్టి, రంగురంగుల మ్యాపులు చూపించి, టీ తాగి ఢిల్లీకి వెళ్లిపోయారు. నాకు మాత్రం కావలసింది ఒకటే. మా ఆయన పనిచేసే గాజు ఫ్యాక్టరీలో బట్టీ ఆరిపోకూడదు. ఇంకేం బాగుపడినా పడకపోయినా నాకు పట్టదు.

మాది కృష్ణా జిల్లా. అక్కడ మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివి, పెళ్లయ్యాక ఆయన వెంట ఇక్కడికొచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అక్కడ నాకు కఠినమైన మనిషినని పేరు. రోగి బతకడని తెలిశాక ఇంటివాళ్లకు ఉన్నమాట చెప్పేస్తాను, లేని ఆశ పెట్టడం నాకు చేతకాదు. ఆయన బట్టీ ఇన్‌ఛార్జి. గాజు బట్టీ అంటే మన వంటింటి పొయ్యి కాదు, కావాలంటే వెలిగించుకుని పనయ్యాక కట్టేయడానికి. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి మండుతూనే ఉండాలి. చల్లారిందా, లోపల కరిగిన గాజు బండలా గడ్డకడుతుంది, చుట్టూ ఇటుకలు పగిలిపోతాయి. మళ్లీ కావాలంటే మొత్తం పడగొట్టి కొత్తది కట్టుకోవలసిందే. పెళ్లయిన కొత్తలో ఆయన నాకు చెప్పిన ప్రేమ కబుర్లు ఇవే. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

రెండువేల సంవత్సరం దాటాక మా చుట్టూ ఫ్యాక్టరీలు ఒక్కటొక్కటే మూతపడ్డాయి. ముందు గేట్లకు తాళాలు పడేవి, తర్వాత గేటు ముందు పరాఠా బండి మాయమయ్యేది, ఆ తర్వాత మా ఆసుపత్రికి విషం తాగినవాళ్లు వచ్చేవాళ్లు. ఆఖరికి ఆయన ఫ్యాక్టరీలోనూ సీసాలు చెయ్యడం ఆపేశారు. జనమంతా ప్లాస్టిక్‌కి మళ్లారట. యజమాని గేటు దగ్గర నిలబడి అందరితో చెప్పాడు. "కొత్త పార్టీ వస్తోంది. మండుతున్న బట్టీని చూస్తే ఫ్యాక్టరీ తీసుకుంటారు. అందాకా దాన్ని బతికించండి." బట్టీ మంటకు నూనె పంపిస్తానన్నాడు. జీతాల మాట తర్వాత చూద్దామన్నాడు.

ఆ మాట విని ఇంటికొచ్చి ఆయన సంబరంగా చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"జీతంలేని ఉద్యోగం ఏ లోకంలో ఉందండీ?"

"ఆర్పేస్తే మళ్లీ వెలగదే. అది మండుతున్నన్నాళ్లూ ఇంతమందికి ఇక్కడ పని దొరుకుతుందన్న ఆశుంటుంది."

"ఆశ వండుకు తింటామా?"

"నీ జీతం ఉందిగా" అని నవ్వారు. ఆ నవ్వు చూస్తే నెత్తిన ఒక్కటి వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. క్యారేజీ కట్టిచ్చాను.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్‌లో ఉంది. ఇంట్లో మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల. "పాపా, ఛోడో నా. గుడ్‌గావ్ మే కుఛ్ దేఖ్ లో" అనేది, ఇది వదిలేసి అక్కడేదైనా పని చూసుకోమని. "గుడ్‌గావ్‌లో బట్టీలు లేవమ్మా" అనేవారాయన, అదేదో పెద్ద లోటన్నట్టు.

సీసాలు చెయ్యకుండా ఉత్తినే సన్న సెగ మీద ఆ బట్టీని కాచుకుంటూ కూర్చున్నారు. ఆయనా, బీహార్ నుంచి వచ్చిన కొంతమంది కార్మికులూ వంతులు వేసుకున్నారు. యజమాని పంపే నూనె రానురాను తగ్గిపోయింది. ఇంకాస్త సెగ తగ్గిద్దామంటే ఇటుకలు లోపల టప్పుమనేవట. ఆ చప్పుడు విన్న రోజు ఆయనకు అన్నం సహించేది కాదు. వంతులకు వచ్చేవాళ్లలో కొందరు రిక్షా తొక్కడానికి పోయారు, కొందరు రైలెక్కి ఊళ్లకు పోయారు. వాళ్ల వంతులు కూడా ఈయనే చేసేవారు. నేను ఆసుపత్రిలో రెండు డ్యూటీలు చేసి ఇంటికొచ్చి ఖాళీ మంచం చూసి ఏడ్చేదాన్ని. ఆయన మీద కోపమో, ఆయన కోసం భయమో నాకే తెలిసేది కాదు.

ఆదివారం తెలుగువాళ్ల ప్రార్థన కూటంలో లేచి నిలబడి, "మావారి బట్టీ ఆరిపోకుండా ప్రార్థన చెయ్యండి" అని అడిగాను. పక్కనున్న ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "దేవుడి చిత్తం ఎలా ఉంటే అలా జరుగుద్దమ్మా" అంది. "దేవుడి చిత్తం సంగతి సరే ఆంటీ, ముందు మీరు గట్టిగా ప్రార్థన చెయ్యండి" అన్నాను. నవ్వినవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ చలికాలంలోనే ఊరి పునరుజ్జీవం గురించి ఒక సభ పెట్టారు. పెద్ద హాలు. తెరమీద మా ఊరి మ్యాపు, దాని మీద పసుపు, పచ్చ, గులాబీ రంగులు. మెట్రో వస్తుందన్నారు, మాల్స్ వస్తాయన్నారు, ఊరు మళ్లీ కళకళలాడుతుందన్నారు. మా ఆయన లేచి తన ఆంధ్రా హిందీలో, "సర్, మా ఫ్యాక్టరీ ఏ రంగులో ఉంది?" అని అడిగారు.

"గులాబీ, అంకుల్‌జీ. కమర్షియల్" అన్నాడు తెర దగ్గరున్న కుర్రాడు.

"అందులో మా బట్టీ ఇంకా మండుతోంది సర్. ఢిల్లీ అంతా పగిలిన గాజు పారేస్తోంది. అది తెప్పించి మా బట్టీలో కరిగిద్దాం. ఖర్చు తగ్గుతుంది, వందల మందికి పనుంటుంది. మాల్ కడితే మాలో కొందరు దానికి వాచ్‌మెన్లు అవుతారు, మిగతావాళ్లు ఏమవుతారు?"

"అచ్ఛా సజెషన్ హై. రాసివ్వండి" అని ఆ కుర్రాడు తెరమీద బొమ్మ మార్చాడు. ఈసారి ఫౌంటెన్ వచ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వెనక్కి తిరిగి, "మీ నాన్నని చూసీ ఇలాగే నవ్వుతారా?" అని తెలుగులోనే అరిచాను. ఆయన నా కొంగు పట్టి కూర్చోబెట్టారు.

చివరికి కొత్త పార్టీ వస్తోందని కబురొచ్చింది. ఢిల్లీ సరోజినీ నగర్ బజారులో కొన్న తెల్లచొక్కాని మా ఆయన ఇస్త్రీ చేయించుకున్నారు. వద్దన్నా వినకుండా ఆ రోజు నేనూ క్యారేజీ పట్టుకుని వెళ్లాను. మిగిలిన కొద్దిమంది నేలంతా కడిగారు. మంట బాగా కనబడాలని ఉన్న నూనెలో ఎక్కువ భాగం ఆ పూటే వాడేశారు. మెరిసే బూట్లు వేసుకున్న ఒకాయన వచ్చాడు. మా ఆయన అతని చేతికి మంటను చూసే నల్లద్దం ఇచ్చి, చిన్న కంత తెరిచి లోపలికి చూడమన్నారు. అతను చూసి, "వాహ్! బ్యూటిఫుల్" అన్నాడు. మా ఆయన మొహం అంతలా వెలగడం మా పెళ్లిలో కూడా చూడలేదు నేను.

అద్దం తిరిగిచ్చేస్తూ అతను అడిగాడు. "ఇది చల్లారడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

అతను వచ్చింది స్థలం కోసం. పడగొట్టేవాళ్లను ఎప్పుడు పిలవాలో తెలియాలి, అంతే. యజమాని నేలచూపులు చూస్తున్నాడు. అతనితో యజమాని ముందే అన్నీ మాట్లాడుకున్నాడని అప్పుడు అర్థమైంది. ఖాళీ ఫ్యాక్టరీని ఎవరైనా ఆక్రమించుకుంటారని, మనుషులు కాపలా ఉండటానికి మాకు ఆశ చూపించాడు. ప్రభువా, నా నోటికి ఆ రోజు ఎన్ని తిట్లు వచ్చాయో!

మా ఆయన మాత్రం నెమ్మదిగా అన్నారు. "ఒక్కసారిగా ఆపితే పైకప్పు కూలుతుంది సర్. కింద మనుషులుంటే చచ్చిపోతారు. రోజుకి కొంచెం కొంచెంగా తగ్గించాలి. నేనే చేస్తాను."

"ఠీక్ హై అంకుల్" అని ఆ బూట్లాయన కారెక్కాడు.

ఏ చేతుల్తో ఇన్నాళ్లూ బతికించారో ఆ చేతుల్తోనే రోజూ వెళ్లి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా మంచమెక్కేవారు. "పాపా, ఖానా ఖా లో" అని మా అమ్మాయి బతిమాలితే రెండు ముద్దలు తినేవారు.

ఆఖరి రోజు మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకుని వెళ్లాను. ఎప్పుడూ హోరుమనే షెడ్డులో పిచ్చుకలు అరవడం వినబడుతోంది. ఆయన బట్టీకి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు.

"నేను చెయ్యి పెట్టలేనే. నువ్వు చూడు, ఇంకా ఏమన్నా ఉందా?" అన్నారు.

జ్వరం చూసేటప్పటిలా అరచెయ్యి తిప్పి ఇటుకల మీద పెట్టాను. జనవరి చలిలో మా ఇంటి గోడలెలా ఉంటాయో అలా ఉంది. ఆయన నా మొహంకేసే చూస్తున్నారు.

"ఇంకా కాస్త వెచ్చగానే ఉందండీ" అన్నాను.

ఆయన తల ఊపి, క్యారేజీ మూత తీశారు.