అందరూ చూడవచ్చు

ఐదేళ్లుగా దీన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అలసిపోయాను. చేసిందల్లా మౌస్ మీద ఒక్క నొక్కు. దాన్ని దాచడానికి ఆడిన అబద్ధాలే మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బీఈడీ చదివేటప్పుడు మా విశ్వవిద్యాలయంలో ఈ-పోర్ట్‌ఫోలియో కొత్తగా పెట్టారు. శిక్షణ కోసం ఒక బడికి వెళ్లి పాఠం చెప్పాక, ఏం చెప్పామో, ఎక్కడ తడబడ్డామో, ఏం నేర్చుకున్నామో ఫొటోలతో సహా కంప్యూటర్లో ఎవరి పేజీలో వాళ్లు రాసుకోవాలి. ప్రతి రాత కిందా మూడు గడులుండేవి: నేను మాత్రమే, మేడమ్, అందరూ. ఏది నొక్కితే వాళ్లకే కనబడుతుంది. మా పేజీల లింకు ఆ బడివాళ్లకూ ఇచ్చారు.

నాతోపాటు అదే బడికి వచ్చేది స్వరూప. తొండుపల్లి అమ్మాయి. విమానాశ్రయం కింద పొలం పోయాక ఇంటిల్లిపాదీ ఆమె చదువు మీదే ఆశ పెట్టుకున్నారు. శంషాబాద్‌లోని ఆ ప్రైవేటు బడి హెడ్మాస్టర్ ఆమె పాఠం విని, కోర్సు కాగానే ఉద్యోగమిస్తానని మాటిచ్చాడు. నేను గుంటూరు నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడిన ఇంటి పిల్లను. మాకు ఇంట్లోనే కంప్యూటర్ ఉండేది. స్వరూపకు మౌస్ పట్టుకోవడం నేర్పింది నేనే.

ఒకరోజు మా బీఈడీ మేడమ్ క్లాసులో, రాస్తే స్వరూపలా రాయాలన్నారు. నా వైపు చూడనైనా లేదు. నా పేజీలో రంగులు, ఫొటోలు, పెద్ద పెద్ద మాటలు అన్నీ ఉన్నాయి మరి.

ఆ సాయంత్రం కంప్యూటర్ గదిలో స్వరూప బస్సు తప్పిపోతుందని గబగబా లేచింది. తన పేజీ మూసి రమ్మని నాకు చెప్పి వెళ్లిపోయింది. తెర మీద ఆమె రాత ఉంది. మేడమ్‌కు మాత్రమే కనబడేది. తనిఖీ రోజు చదువు రాని పిల్లల్ని మైదానంలోకి పంపెయ్యమని హెడ్మాస్టర్ అన్నాడట. తనే తీసుకెళ్లి కూర్చోబెట్టిందట. మేమేం తప్పు చేశామని ఒక పాప అడిగితే తల తిప్పుకుందట. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. అయినా 'అందరూ' గడి నొక్కాను.

ఎందుకు? ఆ ఉద్యోగం కోసమా? ఆ క్షణాన ఉద్యోగం నా తలలోనే లేదని ఎన్నిసార్లు చెప్పుకున్నానో, చెప్పుకున్న ప్రతిసారీ అది ఎక్కడో ఓ మూల ఉండే ఉంటుందన్న అనుమానం అంతే గట్టిగా మిగిలిపోయింది. ఆమెను పొగిడారన్న అక్కసు మాత్రం నిజం. బడివాళ్లు చదువుతారని నాకు తెలుసు.

రెండు రోజుల్లోనే హెడ్మాస్టర్ చదివాడు. స్వరూపను ఇక బడికి రావద్దన్నాడు. ఆ మధ్యాహ్నం బస్టాపులో నా పక్కనే కూర్చుంది.

"నేనే యాడనో తప్పు నొక్కిన గావచ్చు. జర చూసుకోమని నువ్వు చెప్తనే ఉంటివి. నాకీ కంప్యూటర్లు రావు."

ఆమె నన్ను అనుమానించలేదు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"కొత్త కదా, అందరికీ జరుగుతుంది. ఈసారి చూసి నొక్కు."

"ఇగ నేను దాని జోలికే పోను."

అన్న మాట నిలబెట్టుకుంది. రాజేంద్రనగర్ వైపు మరో బడిలో శిక్షణ ముగించింది కానీ, కంప్యూటర్ వచ్చి ఉండాలన్న ఏ ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టలేదు. ఇప్పుడు ఊళ్లో ఇంటి దగ్గరే ట్యూషన్లు చెబుతోంది. హెడ్మాస్టర్ ఆమెకిస్తానన్న ఉద్యోగం నాకొచ్చింది. చేరాను. వద్దనాలని కూడా తోచలేదు.

ఇంకో సంగతి ఉంది. ఆ బడి వదిలి ఇప్పుడు నేను ఒక బీఈడీ కాలేజీలో ఈ పోర్ట్‌ఫోలియోలే నేర్పుతున్నాను. ప్రతి కొత్త బ్యాచ్‌కూ ఆ మూడు గడులు చూపించి, నా స్నేహితురాలు ఒకామె పొరపాటున నొక్కి ఉద్యోగం పోగొట్టుకుంది, జాగ్రత్త, అని చెబుతాను. పిల్లలు అయ్యో అంటారు. నేనూ అంటాను.

నిన్న కూడా చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి అడిగింది: "ఆమెనే నొక్కిందని ఎట్ల తెలిసింది మేడమ్?"

ఊరికే అడిగింది పాపం. గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకున్నాను. గంట మోగకముందే క్లాసు వదిలేశాను.

స్వరూపకు ఇది చెప్పే ధైర్యం నాకింకా లేదు. వస్తుందో రాదో కూడా తెలియదు. చెప్పినా పోయిన ఉద్యోగం తిరిగి రాదు. కంప్యూటర్ తనకు రాదని ఆమె నమ్మిన ఈ ఐదేళ్లు తిరిగి రావు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. ఆ అమ్మాయి అడిగినదానికి ఇక్కడైనా జవాబు రాయనివ్వండి.

స్వరూప తప్పు నొక్కలేదు. నొక్కింది నేను. చూసే నొక్కాను.