కొల్లేటి బాతు

కొత్త ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది. రెయిన్‌కోటును కిరసనాయిల్లో ముంచి తీసినట్టుంటుంది. ఏలూరులో మా తమ్ముడి ఇంటి హాల్లో, అమ్మ పెద్దకర్మకు ముందురోజు దాన్ని విప్పి పరిచినప్పుడు ఆ వాసన అగరొత్తులను కూడా మింగేసింది. అందులో అమ్మ పట్టుచీర కట్టుకుని, పెదాలు బిగించి, ఎవరి పెళ్లిలోనో బలవంతాన కూర్చోబెట్టినట్టు ఉంది. కింద ఎర్రటి అక్షరాల్లో ‘శాంతమూర్తి’ అని రాయించారు. చాలా ఏళ్లు దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేసినదాన్ని, పోయినవాళ్ల వార్తల్లో ఇలాంటి మాటలు ఎన్నో చూశాను, పోనీలే అని వదిలేశాను. ఇది మాత్రం వదలబుద్ధి కాలేదు. మా అమ్మ శాంతంగా ఉండగా నేను చూసిన రోజు లేదు.

అమ్మ పుట్టింది మండవల్లి అవతల ఒక కొల్లేటి లంకలో. వానాకాలం వస్తే ఊరి చుట్టూ నీళ్లే. బడికైనా, కొట్టుకైనా, పేరంటానికైనా తాటిదోనెలో వెళ్లాల్సిందే. అక్కడ ఆడపిల్లకు ఈత రావడం నడక రావడమంత మామూలు సంగతి. అలాంటి పిల్ల పెళ్లయి ఉంగుటూరు దగ్గర మా ఊరికి వచ్చింది. మా ఇంటి ముందే కాలువ. తెల్లవారేసరికి రేవులో ఇత్తడి బిందెల చప్పుడు, చీరలు బండకేసి బాదే చప్పుడు, చింతపండుతో తోమిన చెంబుల పులుపు వాసన. కానీ ఏ ఆడమనిషీ మూడో మెట్టు దాటి దిగేది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో అమ్మ ఆ నీళ్లు చూసి, ఇక్కడ ఆడవాళ్లు ఏ వేళప్పుడు ఈదుతారని అడిగిందట. మా నాయనమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, ఆ రోజే పేరు పెట్టేసింది: కొల్లేటి బాతు.

మా ఏడాదిని కాలువే నడిపేది. ఎండలు ముదిరితే కాలువ కట్టేసేవారు. అడుగున బురద నెర్రెలిచ్చి, మగపిల్లలు అందులో గోలీలాడేవారు. తొలకరికి మళ్లీ వదిలినప్పుడు మొదటి నీళ్లు ఎండుటాకులనూ నురగనూ తోసుకుంటూ వస్తుంటే ఊరంతా గట్టెక్కి చూసేది. శ్రావణానికి గోదారి ఎర్రనీరు వచ్చి పడేది. అది అడుగు కనపడని నీరు.

ఆ ఎర్రనీట్లోనే పక్కింటి రత్నం జారిపడింది. నా ఈడుదే. నేను అక్కడే మెట్ల మీద పలక కడుక్కుంటున్నాను. బిందె ముంచబోతూ పాచి మీద కాలు వేసింది, అంతే, బిందె ఒకవైపూ రత్నం ఒకవైపూ కొట్టుకుపోయాయి. రేవులో ఉన్న ఆడవాళ్లంతా మగవాళ్ల కోసం కేకలు పెట్టారు. మగవాళ్లు ఊడుపుల్లో, చేలల్లో ఉన్నారు. అమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, చీర గోచీ దోపి దూకేసి, దిగువన తుమ్మచెట్టు దగ్గర రత్నాన్ని జడ పట్టుకుని ఒడ్డుకు లాగింది. రత్నం నీళ్లు కక్కి ఏడుపు మొదలెట్టాక వాళ్ల మామ్మ అమ్మ దగ్గరికొచ్చి కళ్లు తుడుచుకుంటూ, “పిల్లని తీశావు, నీ కడుపు చల్లగుండ. ఆ చేత్తోనే బిందె కూడా పట్టుకోలేకపోయావుటే అమ్మాయ్” అంది.

ఆ సాయంత్రం మా అరుగు మీద పెద్దలు చేరారు. బతికిన పిల్ల గురించి కాదు, తడిసిన చీర గురించి మాట్లాడారు. అవతలి గట్టున ఎవరెవరు చూశారో చెప్పుకున్నారు. కోడల్ని కాస్త అదుపులో పెట్టుకోమని నాన్నకు చెప్పి వెళ్లారు. నాన్న లేచి పెరట్లోకి వెళ్లారు. నాయనమ్మే, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా, “మనింట్లో ఆడపిల్లలు ఒడ్డునే ఉంటారమ్మా” అంది.

“ఒడ్డునున్న పిల్లే కదండీ జారింది, అత్తయ్యగారూ” అంది అమ్మ. “రేపు మన పిల్ల జారితే నేను ఇంట్లో ఉంటానో, చేలో ఉంటానో. దీనికి ఈత నేర్పుతానండి.”

నాయనమ్మ కొన్నాళ్లు అమ్మతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా నాతో చెప్పించేది. ఆ ఏడు పాక మీదికి పాకిన ఆనపపాదుకు రెండు కాయలు ఎవరూ కోయకుండా ముదిరిపోయాయి. ఎందుకు వదిలేశావురా అని నాయనమ్మ అడిగితే విత్తనానికన్నారు నాన్న. చలికాలమంతా అవి వంటింటి దూలానికి వేలాడి, పొగకు గోధుమరంగు తిరిగి, తడితే మద్దెలలా మోగాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక, కాలువ తేటపడి ఉరవడి తగ్గాక, నాన్నే ఆ ఆనపబుర్రలు దింపి, మూతులు మైనంతో మూసి, పాత పంచె చింపి, నీళ్లలో మునగకుండా నా వీపుకు కట్టారు.

అమ్మ నడుంలోతు నీట్లో నిలబడి నా పొట్ట కింద అరచెయ్యి పెట్టేది. ఆ చెయ్యి ఎప్పుడు తీసేసిందో నాకు తెలిసేది కాదు. తెలిసేసరికి నోట్లోకి నీళ్లు, ముక్కులో మంట, కళ్ల ముందు ఆకుపచ్చ చీకటి. ఏడిస్తే, “ఏడుపు ఒడ్డున ఏడువు, ఇక్కడ కాళ్లాడించు” అనేది. తర్వాత ఒక బుర్రే మిగిలింది, ఇంకొన్నాళ్లకు అదీ తీసేసింది. తడిబట్టలతో ఇంటికెళ్లి ఆవకాయ కలిపిన చద్దన్నం తింటుంటే, అంత ఆకలి మళ్లీ జీవితంలో ఎరగను.

ఒకరోజు రత్నం వచ్చి పైమెట్టు మీద నిలబడింది. మర్నాడు ఇంకో మెట్టు దిగింది. వదిలేసిన బుర్రలు దానికి కట్టారు. అప్పటి నుంచి వీధిలో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పరికిణీలు ఎగదోపుకుని దిగడం మొదలెట్టారు. గట్టు మీద పోయే పెద్దాయన ఒకరు సైకిలు ఆపి, ఈ బాతుల మందని రేపు ఎవడు చేసుకుంటాడని అడిగారు.

“చేసుకున్నవాడు అదృష్టవంతుడండీ బాబాయిగారూ. కాలవలో పడితే పైకి తీసే పెళ్లాం ఉంటుంది” అంది అమ్మ, నీళ్లలోంచే.

నాయనమ్మ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. పోయే ముందు మంచంలోంచి నీళ్లడిగినప్పుడు కూడా బాతునే కేకేసింది.

అమ్మ ఊరుకుందా? నాన్న చనిపోయాక, ఏలూరులో తమ్ముడి దగ్గరికి వచ్చి, మనవరాలిని స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్లింది. అక్కడ పిల్లలకు నేర్పే విధానం నచ్చక తానే దిగబోయింది. చీరతో దిగకూడదండీ, రూలండీ అన్నాడు కోచ్. మర్నాడు మనవడి ట్రాక్ పాంటు, ఫుల్‌చేతుల టీషర్టు, నీలం రబ్బరు టోపీ వేసుకుని వెళ్లింది. అప్పుడు మనవరాలు ఫోన్లో తీసిన ఫొటో ఉంది. నీళ్లు కారుతున్న మొహం, ముందుపళ్లు లేని నవ్వు.

ఫ్లెక్సీ మీద ఆ ఫొటో వేద్దామన్నాను. బంధువులు నవ్విపోతారక్కా అన్నాడు తమ్ముడు. మేం వాదించుకుంటుండగానే తాడేపల్లిగూడెం నుంచి రత్నం దిగింది. అదీ మనవల్నెత్తిన మనిషే ఇప్పుడు. హాల్లో పరిచిన బొమ్మను చుట్టూ తిరిగి చూసి, “ఎవరండీ ఈవిడ?” అంది.

“శాంతమూర్తయితే నేను ఆ రోజే పోదును కదా తమ్ముడూ” అంది రత్నం.

తమ్ముడు ఆ ఫ్లెక్సీని ఒక అంచు నుంచి చుట్టడం మొదలెట్టాడు. చివరికి, “ఏం రాయించమంటావక్కా?” అన్నాడు నాతో. రాయించాను. మర్నాడు గేటు దగ్గర నీలం టోపీతో అమ్మ, కింద ‘మా కొల్లేటి బాతు’. వచ్చినవాళ్లు ఆగి చూశారు. కొందరు నవ్వారు, కొందరు మొహం చిట్లించారు. భోజనాల దగ్గర అందరూ ఆవిడ గురించే మాట్లాడుకున్నారు, నిజం మాటలు.

మొన్న కోతల వేళ అకాలవర్షం పడితే ఊరెళ్లాను. రేవు మెట్లు విరిగిపోయాయి. కాలువ నిండా గుర్రపుడెక్క. ఇత్తడి బిందెలు లేవు, మంచినీళ్ల టిన్నులు ఆటోలో వస్తున్నాయి. పిల్లలకు కాలువ అంటే దుర్వాసన వచ్చే చోటు, అంతే. ఏ పాక మీదా ముదరనిచ్చిన ఆనపకాయ కనపడలేదు. మా చేను చేసే కౌలురైతు రోడ్డువార ధాన్యం రాశి పోసి, తమ్ముడిచ్చిన రెండు ఫ్లెక్సీలూ వాడాడు. శాంతమూర్తిని ధాన్యం కింద పరిచాడు, బాతును పైన కప్పాడు. రాశి మీద పల్లంలో వాననీరు నిలిచి, అమ్మ మొహం జానెడు లోతున ఉంది.

నీళ్లు తోసేద్దామని కర్ర తెచ్చాడతను. కాసేపు ఉండనీయమన్నాను. చినుకులు పడుతుంటే నీలం టోపీ కదులుతోంది, ఆ బోసినవ్వు కదులుతోంది. అడుగున ఒక్క గింజ తడవలేదు.