పోశవ్వ ఏనుగుబిళ్ళ

లక్సెట్టిపేటల మిషన్ లింగమూర్తి ఇల్లేదంటే చిన్న పోరగాండ్లు గూడ చూపెడుతరు. చేసేది బట్టలు కుట్టే పని. అరుగు మీద మిషన్, గోడకు కత్తెర, మెడల టేపు. కానీ మనిషి పాణం మాత్రం పాత బిళ్ళల మీదనే. తొలకరికి గోదారి ఒడ్డు చెలకలు దున్నుతుంటె నాగలికి రాగి బిళ్ళలు తగిలేటియి. ఏ కాలం నాటియో, ఏ రాజులు కొట్టిచ్చిండ్రో ఎవలకెరుక? రైతులు వాటిని తెచ్చి అరుగు మీద పెడితే చాలు, లింగమూర్తి రవిక కుట్టిన కూలి వద్దని బిళ్ళ తీసుకునేటోడు.

"బిళ్ళలు తింటవా? పిల్లలకు బిళ్ళలు వండి పెట్టుమంటవా?" అని పెండ్లాం బాలలక్ష్మి మొత్తుకునేది. ఇంటెగద! మిగిలిన గుడ్డ పేలికలతోని ఒక్కో బిళ్ళకు ఒక్కో చిన్న తిత్తి కుట్టి, అన్నిటినీ సంచిల ఏసి, వడ్ల గుమ్మిల దాచేటోడు. అణాలు పోయి కొత్త పైసలొచ్చిన మరుసటేడు నాటికి ఆ సంచి ఒక పసిపిల్లంత బరువైంది.

ఖానాపూర్ల లక్ష్మీకాంతరావు దొరకు గూడ ఇదే పిచ్చి. ఆయన దగ్గర బిళ్ళల బొమ్మలున్న పెద్ద పుస్తకముండె. లింగమూర్తి ఏడాదికి ఒకటి రెండుసార్లు సంచి పట్టుకొని బస్సెక్కి పోయేటోడు. దొర కుర్సీల, ఈయన కింద చాప మీద. అయినా బిళ్ళల ముచ్చట పడితే ఇద్దరికీ అన్నం యాదికి రాకపోయేది.

గా దినాలల్లనే నకిలీ బిళ్ళల బెడద మొదలైంది. పట్నం నుంచి కొనేటోళ్ళు వస్తున్నరని తెలిసి, దొంగ బిళ్ళలు చేసేటోళ్ళు ఎవలో మోపైండ్రు. అసలు బిళ్ళను అచ్చు తీసి, ఇత్తడి కరగబోసి, ఉప్పు కలిపిన పెండల పాతిపెట్టేటోళ్ళు. కొన్ని దినాలకు చిలుము పట్టి, వెయ్యేండ్ల నాటి బిళ్ళ తయారు! లింగమూర్తి గూడ ఒకసారి మోసపోయి, వారం దినాలు ఎవలతోని సరిగ్గ మాట్లాడలే.

ఇగ పోశవ్వ సంగతి. పోశవ్వది గోదారి ఒడ్డు పల్లె, ఎవుసం చేసుకునే ఇల్లు. ఒకనాడు రవికకు కొలతియ్యవచ్చి, కొంగు ముడి ఇప్పుతుంటె ఒక బిళ్ళ జారి పడ్డది. ఒక దిక్కు ఏనుగు, ఇంకో దిక్కు నాలుగు సున్నాలు కలిపిన గుర్తు. అంచుకు చిన్న బెజ్జం. లింగమూర్తి వంగి అందుకోబోయిండు. అంత సాఫు ఏనుగును ఆయన ఏనాడూ చూడలే.

"ముట్టకు తమ్మీ. గది మా ఇంటి దేవత" అన్నది పోశవ్వ. వాళ్ళింట్ల కోడలికి ఏడో నెల పడితే ఆ బిళ్ళను దారానికి గుచ్చి నడుముకు కడుతరట. బిడ్డ భూమ్మీద పడ్డంకనే ఇప్పుతరట. అత్తకు అత్త, ఆ అత్తకు అత్త, ఎన్ని తరాలో తెల్వదు. ఒక్క కాన్పు గూడ చెడలేదట. ఇప్పుడు పోశవ్వ కోడలికి ఐదో నెల.

"అక్కా, జర మా ఇంట్ల ఉండనియ్యి. దొర పుస్తకంల చూపిచ్చి, ఏ రాజుదో తెలుసుకొని ఇస్త. ఏడో నెల పడేనాటికి నీ చేతుల పెడత. నా పిల్లల మీద ఒట్టు" అన్నడు లింగమూర్తి. పోశవ్వ బిళ్ళను మళ్ళ కొంగుకు ముడేసుకోబోయి, ఆగి, కండ్లకద్దుకొని ఇచ్చింది.

ఖానాపూర్ పోతే దొర బిళ్ళను ఎలుగుకు పట్టి చూసి, "నిదానంగ చూడాలెరా లింగమూర్తీ, కొన్ని దినాలు ఉండనియ్యి" అన్నడు. కాదంటడా? దొరను కాయితమడుగుతరా, సాక్ష్యమడుగుతరా? పెట్టి వచ్చిండు. పదిహేను దినాలకు దొర మనిషి వచ్చి బిళ్ళ ఇచ్చి పోయిండు. అదే ఏనుగు, అదే బెజ్జం, అదే చిలుము. ఇంకేం కావాలె? లింగమూర్తి సంబురంగ గూట్ల పెట్టిండు.

కొంపముంచింది బాలలక్ష్మే. పాపం, ఆమె తప్పుగాదు. కడుపుతోనున్న పిల్ల నడుముకు కట్టే సొమ్మును మురికితోని ఎట్ల పంపుతరు? పండుగ ముందటి దినం చెంబులతోని, దీపెలతోని కలిపి ఆ బిళ్ళను గూడ చింతపండేసి పరపర తోమింది. తోమి, మిషన్ కాడ పెట్టి, "చూడు, ఎంత మంచిగ మెరుస్తున్నదో" అని మురిసింది.

లింగమూర్తి చూసిండు. బిళ్ళ ఇత్తడి బిందె లెక్క పసుపుపచ్చగ మెరుస్తున్నది.

పోశవ్వ బిళ్ళ ఇత్తడి కాదు. బెజ్జం కాడ దారం రాసి రాసి చిలుము పోయిన జాగల, రాగి ఎర్రగ కనబడేది. తన కండ్లతోని చూసిండు. ఇది అది కాదు. దొర అసలుది ఉంచుకొని అచ్చు తీసి పంపిండు.

"ఓ దేవుడా! ఏం చేసినవే!" అన్నడు. ఎవలను అన్నడో ఆయనకే తెల్వదు. బాలలక్ష్మి బిత్తరపోయింది. సంగతి తెలిసినంక ఆమె దినాలు లెక్కపెట్టుకున్నది. వచ్చే అంగడికి పోశవ్వ వస్తది. ఏడో నెల పడ్డది.

బాలలక్ష్మి మెల్లగ అన్నది: "ఇగో, ఆమెకేం తెలుస్తది? తోమినమని చెప్పుదాం. తోమితే మెరిసిందనుకుంటది. దొరతోని మనకు కయ్యమెందుకు? ఆయన కన్నెర్ర చేస్తే మనం ఈ ఊళ్ళె బతుకుతమా?"

లింగమూర్తి పసుపు దారం తీసి ఇత్తడి బిళ్ళకు గుచ్చిండు. ముడి గూడ ఏసిండు. అవును, ఏసిండు! దాచేదేమున్నది? దొర అంటే భయం, ఊరంటే భయం, పోశవ్వ మొకం చూడాలంటే ఇంకా భయం. ఆ దినమంతా ఆ బిళ్ళ జేబుల ఏసుకొని తిరిగిండు. కుట్టే అంగీకి చేతులు తిరగేసి కుట్టిండు. ఒక్కటే ఆలోచన మనసుల తిరగబట్టింది. ఒకవేళ ఆ పిల్లకు కాన్పు కష్టమైతే? బిళ్ళకు మహిమ ఉన్నదో లేదో దేవునికెరుక. కానీ రేపు ఏమన్న జరిగితే, ఆ పాపం నా మెడకు సుట్టుకోదా? అప్పుడు ఎవల కాళ్ళు పట్టుకుంటె పోతది?

తెల్లారి సంచి భుజానికేసుకొని ఖానాపూర్ బస్సెక్కిండు. సంచి ఎందుకంటరా? ఉత్త చేతులతోని దొరింటికి ఏనాడూ పోలే, గందుకు. తొవ్వంతా ఏం చెప్పాలెనో లోపల్లోపల అనుకుంటనే ఉన్నడు. బస్సు దిగంగనే అన్నీ మర్చిపోయిండు.

దొర మంచిగనే పలకరిచ్చిండు. లింగమూర్తి పసుపుపచ్చ బిళ్ళను చాప మీద పెట్టి, "దొరా, ఎక్కడనో మారిపోయినట్టున్నది. జర చూడుండ్రి" అన్నడు.

దొర బిళ్ళ చూసిండు, లింగమూర్తిని చూసిండు. "దీన్ని చింతపండుతోని తోమింది ఎవలురా?"

"మా ఆడమనిషి, దొరా."

"చిలుమే బిళ్ళకు సాక్ష్యం. అది కడుక్కున్నది మీరు. ఇప్పుడొచ్చి నన్ను దొంగను చేస్తున్నవా? నేను పంపింది ఇదే అని ఎవలు చెప్పాలె? మీ ఇంట్లనే మారిందేమో!"

నిజమేగద, లింగమూర్తి ఇప్పుడు ఏం పెట్టి రుజువు చేస్తడు? దొర అక్కడితోని ఊకుంటె కథ అక్కడనే అయిపోవు. కానీ బిళ్ళలు పోగేసేటోనికి ఒక రోగముంటది, తన దగ్గరున్నయి చూపెట్టక ఉండలేడు. "కావాలంటే నా పెట్టె చూసుకో. నీదేమన్న ఉంటె తీసుకపో" అని దర్జాగ పెట్టె ముందటికి నూకిండు.

మఖమల్ గుడ్డ మీద వరుసగ బిళ్ళలు. నడుమల ఏనుగు. బెజ్జం లేదు. కానీ అంచు కాడ గోరంత లక్క పెట్టి పూడ్చిన మచ్చ. దాని సుట్టు ఎర్రటి రాగి. బెజ్జమున్న బిళ్ళంటే పట్నమోళ్ళ దగ్గర విలువుండదని పూడ్పిచ్చిండన్నట్టు.

"గిదే, దొరా" అన్నడు లింగమూర్తి.

దొర సిగ్గుపడ్డడనుకుంటున్నరా? ఏం లేదు. కుర్సీల ఎనుకకు ఒరిగి, నెమ్మదిగ అన్నడు: "ఇసుంటి బిళ్ళ ఒక ఆడిదాని నడుముల రాసుకొని అరిగిపోవాలెనా? నేను కాపాడిన. నువ్వు గూడ బిళ్ళల మీద పాణమున్నోనివే. నిజం చెప్పు, ఇది నీ చేతుల పడ్డనాడు నీకు ఆశ పుట్టలేదా?"

పుట్టింది. లింగమూర్తి తల దించుకున్నడు.

"సరే, ఇస్త" అన్నడు దొర. "ఆ సంచి ఇక్కడ పెట్టి, ఇది తీసుకపో."

ఏండ్ల సంది పోగేసిన సంచి. ఒక్కో తిత్తి తన చేతి కుట్టు. ఏ బిళ్ళ ఏ చెలకల దొరికిందో, ఎవలు తెచ్చిండ్రో, ఆ నాడు వాన పడ్డదో ఎండ కొట్టిందో అన్నీ యాదికున్నయి. లింగమూర్తి సంచిని ఒళ్ళె పెట్టుకొని, మూతి ఇప్పి, మీది తిత్తి కుట్టును వేలుతోని తడిమిండు. తర్వాత సంచిని చాప మీద పెట్టి, ఏనుగుబిళ్ళ తీసుకొని లేచిండు. "దండం దొరా" అని గూడ అన్నడు. అలవాటాయె.

అంగడినాడు పొద్దున్నే మిషన్ సూదితోని లక్క పొడిచి, బెజ్జం సాఫు చేసి, కొత్త పసుపు దారం గుచ్చిండు. సంచి సంగతి బాలలక్ష్మి ఒక్కసారే అడిగింది. ఆయన మొకం చూసి మళ్ళ అడుగలే. పోశవ్వ కోడలిని ఎంటబెట్టుకొని వచ్చింది. పిల్ల నిండు కడుపుతోని అరుగు గోడ పట్టుకొని నిలబడ్డది. ఎంత చిన్న పిల్ల! ఇరవై ఏండ్లు గూడ ఉండయి.

పోశవ్వ బిళ్ళను అరచేతుల పెట్టుకొని ఇటు తిప్పింది, అటు తిప్పింది. బెజ్జం కాడ బొటనవేలితోని రాసింది. లింగమూర్తి ఆమె వేలునే చూస్తున్నడు. ఇది నాది గాదంటే? లక్క వాసనొస్తున్నదంటే?

పోశవ్వ బిళ్ళను కండ్లకద్దుకొని, కోడలి కొంగుకు ముడేసింది. మొకం కలకల నవ్వింది.

"కోపం చేసుకోకు తమ్మీ" అన్నది. "ఇచ్చిన కాడి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. మొన్న గూడ మా ఆయనతోని అన్న, గా లింగమూర్తి బిళ్ళల పిచ్చోడు, మనది దాచుకొని అసుంటిదే ఇంకోటి చేపిచ్చి మన మొకాన కొడతడని. ఎంత పాపపు మాటన్ననో చూడు! నీ అసుంటోని మీద!"

లింగమూర్తి ఆమె దిక్కు చూడలేకపోయిండు.

"నాకు గూడ గదే భయముండె అక్కా" అన్నడు.

పరాష్కమాడుతున్నడనుకొని పోశవ్వ పకపక నవ్వింది. కోడలు గూడ నవ్వింది. వాళ్ళు అంగడి దిక్కు పోయినంక గూడ లింగమూర్తి మొకం పైకెత్తలే.