అడిగి తాగిన నీళ్ళు

మా అక్క రూతమ్మ ప్రార్థన మానేసి రెండేళ్ళు దాటింది. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది అందుకే గానీ సముద్రం చూడాలని కాదు. గూడూరులో మా సంఘంలో ఎవరికి జబ్బు చేసినా, ఎవరింట్లో పురుడు కష్టమైనా ముందు గుర్తొచ్చేది మా అక్కే. ఆమె ప్రార్థన ఎప్పుడూ “అయ్యా” అని మొదలయ్యేది. పెద్ద పెద్ద బిరుదులేమీ ఉండేవి కావు. ఎదురుగా కూర్చున్న ఇంటి పెద్దను పిలిచినట్టు “అయ్యా” అని పిలిచి, కావలసింది అడిగేది. అలాంటిది, మా బావ మంచాన పడితే రాత్రింబవళ్ళు అడిగి అడిగి, చివరికి ఆయన దక్కకపోయేసరికి ఆ పిలుపు ఆగిపోయింది. చర్చికి వస్తుంది, కూర్చుంటుంది, వెళ్ళిపోతుంది. ఎవరైనా “ఒక మాట ప్రార్థన చెయ్యమ్మా” అంటే తల అడ్డంగా ఊపుతుంది.

నేను ఆమెలాంటిదాన్ని కాదు. నా నోటికి గొళ్ళెం లేదని మా ఆయన అంటూనే ఉంటారు. రెండేళ్ళూ ఆమెకు చెప్పి చూశాను, పోట్లాడి చూశాను, ఏడ్చి చూశాను. ఉలుకూ పలుకూ లేదు.

ఆ ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస దినాల్లో మా ఊరి కూటాలకు దావీదు అనే ఉపదేశి వచ్చాడు. మైపాడు దగ్గర కాలవకు అవతల, పాతదిబ్బ అనే చిన్న పల్లెలో ఆయన సంఘం. భోజనాల దగ్గర అక్కతో, “మా దిబ్బ మీద శుభ శుక్రవారం ఒక్కసారి చూడండమ్మా. మీరు నోరు తెరిచి ప్రార్థన చెయ్యాల్సిన పన్లా. ఊరికే వచ్చి కూసోండి” అన్నాడు. అక్క ఎవరి పిలుపుకూ కదలని మనిషి, దానికి మాత్రం సరేనంది. ఇంటికొచ్చాక నాకు షరతు పెట్టింది. “వస్తా. కానీ అక్కడ నన్ను ప్రార్థన చెయ్యమని నువ్వు అడక్కూడదు. ఇంకొకళ్ళతో అడిగించనూ కూడదు.” నేను ఒప్పుకున్నాను. మనసులో మాత్రం ఏదో ఒకటి జరగకపోతుందా అని ఆశ.

గురువారం పొద్దున ప్యాసింజరుకు బయల్దేరాం. బండి అరగంట ఆలస్యంగా వచ్చింది. పెట్టెలో జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కకు చోటిచ్చిన పెద్దమనిషి ఇందుకూరుపేట రైతు. కోతలయ్యాక కూతుర్ని చూడడానికి వెళ్ళి తిరిగొస్తున్నాడట. “యాడికి తల్లా ఇద్దరూ?” అన్నాడు. పాతదిబ్బకని చెప్పాను. “అదా! శుక్రవారం నీళ్ళు తాగకుండా ఎండలో పాటలు పాడేవోళ్ళు. మా చేలో కోతకు వస్తారు. నోరు మంచిది, చెయ్యి మంచిది” అని మెచ్చుకున్నాడు. నీళ్ళు తాగరన్న మాట నాకు కొత్త. అక్కవైపు చూశాను. ఆమె కిటికీలోంచి కోసిన చేలను చూస్తూ కూర్చుంది.

నెల్లూరులో దిగి, బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ తిని, పదకొండు దాటాక మైపాడు బస్సెక్కాం. వెళ్ళాలనుకునేవారికి ఒక మాట: ఆ బస్సులో కుడివైపు కూర్చోకండి, ఎండ తినేస్తుంది. ఊరు దాటగానే రెండువైపులా కోసిన మళ్ళు, కళ్ళాల్లో వడ్ల రాసులు, గడ్డి వాములు. మొలగొలుకుల వడ్ల వాసన బస్సులోకి కూడా వచ్చింది. చేపలమ్ముకుని ఖాళీ గంపలతో వెనక్కి వెళ్ళే ఆడవాళ్ళు నలుగురు మా వెనక కూర్చుని బస్సంతా నవ్వుతో నింపేశారు. కండక్టరు “గంపలు పైన పెట్టండి” అంటే, ఒకామె “నిన్ను కూడా పైన పెట్టమంటావా అబ్బయా?” అంది. నాకు నవ్వాగలేదు. అక్క పెదవి కూడా కొంచెం కదిలింది.

ఇందుకూరుపేట దాటి, కాలవ రేవు దగ్గర దిగాం. అక్కడ పడవలో బకింగ్‌హాం కాలవ దాటాలి. మా ముందే కట్టెల పడవ ఒకటి తెరచాప ఎత్తి దక్షిణానికి పోయింది. అవతలి గట్టునుంచి సరుగుడు తోపుల మధ్య ఇసుకలో నడక. చెప్పులు వేసుకుంటే ఇసుక నిండుతుంది, తీసేస్తే అరికాళ్ళు కాలుతాయి. నాకు ఒళ్ళు మండిపోయి, “ఈ దావీదు ఉపదేశికి వేరే చోటే దొరకలేదా గుడి కట్టుకోవడానికి” అని గట్టిగానే అన్నాను. ఆయన ఎదురొస్తూ ఆ మాట విన్నాడు. “మాకు ఎవురూ అడ్డం రాని చోటు ఇదేనమ్మా” అని నవ్వి, నా చేతిలో సంచి అందుకున్నాడు.

తాటాకుల చర్చి అది. మట్టిగోడలు నడుం ఎత్తున ఆగిపోయి, పైన అంతా గాలే. నేల మీద శుభ్రమైన ఇసుక, దానిమీద ఈతాకు చాపలు. ముందు గోడకు సరుగుడు కర్రతో చేసిన సిలువ. సాయంత్రం ప్రార్థనకు ముప్ఫై నలభై మంది వచ్చారు. మా గూడూరులో ఒకరు ప్రార్థన ఎత్తుకుంటే మిగతావాళ్ళలో సగం మంది కునుకు తీస్తారు. నేనూ తీశాను, అబద్ధమెందుకు? ఇక్కడ అలా కుదరదు. ఒక్కొక్కరు ఒక్క మాట అడిగి ఊరుకుంటారు. ఒకాయన, “తండ్రీ, మా ఎద్దు కాలు వాచింది, చూడు” అన్నాడు. ఒక ముసలమ్మ, “మా కోడలు నాతో మాట్లాడేటట్టు చెయ్యి” అంది. పక్కనే కూర్చున్న కోడలు కళ్ళు మూసుకునే, “మా అత్త కొంచెం తక్కువ మాట్లాడేటట్టు చెయ్యి” అంది. ఎవరూ నవ్వలేదు. ఇద్దరూ ఒకే చాప మీదనుంచి లేచి కలిసే ఇంటికి పోయారు. ఎంత బాగుందో నాకు!

అన్నం తిన్నాక ఉపదేశి శుక్రవారం కట్టుబాటు చెప్పాడు. పొద్దు పొడిచింది మొదలు చిన్నపిల్లలు, చూలాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు తప్ప ఎవరూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. మధ్యాహ్నం సిలువ ధ్యానం అయ్యాక చర్చిలోనే నీళ్ళిస్తారు. కానీ ఎవరి చేత్తో వాళ్ళు ముంచుకోకూడదు. నోరు తెరిచి, దాహంగా ఉందని అడగాలి. అడిగినవాళ్ళ చేతికి, చేయి తగిలేటట్టు గ్లాసు అందించాలి. పైనుంచి దోసిట్లోకి పోయడమనేది ఆ చర్చిలో లేదు. గ్లాసు అందినవాళ్ళు దాన్ని పట్టుకుని, చివరి మనిషి అడిగేదాకా ఆగాలి. అప్పుడు అందరూ కలిసి తాగుతారు.

“ఇదేం కట్టుబాటు?” అన్నాను.

“సిలువ మీద ఆయన దాహమని అడిగినాడు గదమ్మా. నీళ్ళు పుట్టించినోడే నోరు తెరిచి అడిగినాడు. ఇంక మనకేంది నామోషీ?” అన్నాడు. అక్క ఆ మాటకు తలెత్తి ఆయనవైపు చూసి, మళ్ళీ దించుకుంది. మాకు ఉపదేశి ఇంటి వసారాలో పక్కలు వేశారు. సముద్రం హోరు తలకిందే ఉన్నట్టు వినిపించింది.

శుక్రవారం ఎండ సంగతి ఏం చెప్పను! తొమ్మిదింటికే ఇసుక పొగలు కక్కింది. చర్చి పక్కన ఆడవాళ్ళు తోపులో చెలమ తవ్వారు. సముద్రానికి అంత దగ్గరలో, మూరెడు లోతులోనే, తియ్యటి నీళ్ళు ఊరాయి. వాటిని కొత్త కుండల్లో వడబోసి తెచ్చి సిలువ కింద పెట్టారు. పన్నెండింటికి ఆరాధన మొదలైంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఉపదేశి చెబుతుంటే, మధ్య మధ్య కీర్తనలు. ఎండిన గొంతులతో పాడుతుంటే పాటలో బొంగురు కూడా చేరింది. నేను చాలా పెద్ద చర్చిల్లో, హార్మోనియంతో, మంచి గొంతుల పాటలు విన్నాను. ఇలా అడుగుతున్నట్టు పాడడం మాత్రం ఎక్కడా వినలేదు. నాకు నాలుక అంగిట్లో అంటుకుపోయి, కళ్ళు ఆ కుండల మీదనుంచి కదలలేదు.

మూడు గంటలకు ధ్యానం అయింది. నీళ్ళివ్వడానికి పక్క పాళెం నుంచి నాగూరమ్మ అనే బెస్తామె వచ్చింది. ఆమె ఈ సంఘం మనిషి కాదు, వాళ్ళు గంగమ్మను కొలుస్తారు. సంఘంలో అందరూ దాహంతో ఉన్నవాళ్ళే కనుక, ఇచ్చేవాళ్ళు వేరే ఉండాలని, మొదట ఆమె అత్తను పిలిచారట. అత్త తర్వాత ఇప్పుడు ఈమె. చీర కొంగు నడుముకు చుట్టి, చేతులు కడుక్కుని, వరసగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరు “దాహంగా ఉండాది, నీళ్ళియ్యి తల్లా” అని అడగడం, ఆమె ఇవ్వడం. పెద్ద రైతులా మీసాలున్నాయన కూడా అడిగాడు. ఉపదేశీ అడిగాడు. నేను సగం మాట పూర్తిచేయకముందే గ్లాసు లాక్కున్నాను. ఆమె నవ్వింది.

ఆడవాళ్ళ వరసలో చివర మా అక్క. నాగూరమ్మ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడింది. అక్క నోరు మెదపలేదు.

నలభై మంది చేతుల్లో నీళ్ళున్నాయి, ఒక్కరూ తాగడం లేదు. ముందు వరసలో ముసలాయన చేతిలో గ్లాసు వణికి నీళ్ళు చాప మీద ఒలుకుతున్నాయి. ఇంక ఆగలేక, నా గ్లాసు కింద పెట్టి, నాగూరమ్మ చేతిలో గ్లాసు తీసి అక్క చేతిలో పెట్టేశాను. నాగూరమ్మ దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుంది. “అడగందే ఇచ్చేది లేదమ్మా. నీకు తెలవదు గదా, పర్వాలేదులే” అంది.

“నాకొద్దు. నన్ను వదిలేసి మీరంతా తాగండి” అంది అక్క.

“అట్టా కుదరదు.” నాగూరమ్మ ఆమె ఎదురుగా ఇసుకలో కూర్చుంది. “ఎందుకడగవు?”

“అడిగినాను. రాత్రీ పగలూ అడిగినాను. నా మొగుణ్ణి నాకియ్యమని అడిగినాను. ఇయ్యలేదు.” చర్చి మధ్యలో, సిలువ ముందు, అక్క ఇంత కోపంగా మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. ఉపదేశి అడ్డం వస్తాడేమో అనుకున్నాను. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు, అంతే.

నాగూరమ్మ గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది. “మా ఆయన పడవ తిరిగి రాలేదు. నేను గంగమ్మను ఒడ్డున కూసోని అడిగినా. నాకూ ఇయ్యలేదు. నేనూ కొన్నాళ్ళు ఎవుర్నీ ఏమీ అడగలేదు. ఇంట్లో అందరూ నాకు భయపడినారు” అంది. గ్లాసు ముందుకు జరిపింది. “నీ మొగుణ్ణి నేను ఇయ్యలేను తల్లా. నీళ్ళు ఇస్తా. ఇవి అడుగు.”

అక్క ఏడ్చింది. బావ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. నలభై మందీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు, ఒక్కరూ విసుక్కోలేదు, ఒక్కరూ కదలలేదు. ఆ ఓపికకు వాళ్ళందరి కాళ్ళకు మొక్కాలనిపించింది నాకు. చివరికి అక్క తలెత్తింది. నాగూరమ్మ వైపు కాదు, ఆమె భుజం మీదుగా ఆ సరుగుడు కర్ర సిలువ వైపు చూసింది.

“అయ్యా,” అంది. “దాహంగా ఉండాది.”

నాగూరమ్మ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, రెండు చేతులతో ఆ చేతిని మూసింది. అందరూ తాగారు. నేను అక్క తాగడం చూస్తూ కూర్చున్నాను. తర్వాత తాగాను. ఆ చెలమ నీళ్ళ తీపి గురించి రాయడం నాకు చేతకాదు.

శనివారం సముద్రంలో కాళ్ళు తడుపుకున్నాం, నాగూరమ్మ గుడిసెకు వెళ్ళాం, ముంజలు తిన్నాం. ఆదివారం తెల్లవారుజామున ఒడ్డున పునరుత్థాన ఆరాధన చూసి, పది గంటలకు కాలవ దాటాం. వెళ్ళేవాళ్ళు గొడుగు మరిచిపోకండి. బస చింత వద్దు, ఏ ఇంటి ముందు ఆగినా చాప వేస్తారు. తిరుగు ప్రయాణంలో అదే బస్సు, అవే గంపలు, అదే ఎండ. ఇంత ఇరుకు చర్చిలో, ఇంత తక్కువ మాటలతో, ఇంత నిండు ఆరాధన నేను ఇంకెక్కడా చూడలేదని నెల్లూరు వచ్చేదాకా అక్కకు చెబుతూనే ఉన్నాను. ఆమె ఊఁ కొడుతూ కూర్చుంది.

నెల్లూరు స్టేషనులో గూడూరు బండికి ఇంకా టైముంది. ఉపదేశి భార్య కట్టిచ్చిన పులిహోర పొట్లాలు విప్పాను. ఆకలి దహించేస్తోంది. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే అక్క నా చెయ్యి పట్టి ఆపింది. కొంగు తలమీద కప్పుకుని కళ్ళు మూసుకుంది.

“అయ్యా” అని మొదలుపెట్టింది. దిబ్బ మీద వాళ్ళందరి కోసం పేరుపేరునా అడిగింది. ఆ ముసలాయన చేతుల వణుకు గురించి అడిగింది. వాచిన ఎద్దు కాలు గురించి కూడా అడిగింది. “మా ఆయన్ని ఎందుకియ్యలేదో నువ్వింకా నాకు చెప్పలేదు, అది నేను మర్చిపోను” అంది. “నాగూరమ్మను చల్లగా చూడు” అంది. రెండేళ్ళ బాకీ అంతా అక్కడే, ఆ బెంచీ మీదే తీర్చేసేటట్టుంది. కూతపెట్టి బండి వచ్చింది. జనం ఎక్కారు. పోర్టరు ఒకడు మావైపు చూసి, “అమా, గూడూరు బండి!” అని అరిచాడు. అక్క కళ్ళు తెరవలేదు. బండి కదిలి వెళ్ళిపోయింది.

నోటికి గొళ్ళెం లేనిదాన్ని, నేను ఒక్క మాట కూడా అనలేదు.